పొగ కాని దగ్గు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో దగ్గని మనిషి లేడు. చలికాలంలో చెరకు గానుగలు మొదలయ్యాయంటే ఎండలు ముదిరేదాకా ఊరంతా దగ్గే. అనకాపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న చిన్న పల్లె మాది. మా తాతయ్యకి కొంత చెరకు తోటా, బెల్లం వండుకునే పాకా ఉండేవి. పెద్ద పెనం కింద పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోస్తుంటే లేచే పొగ కళ్ళలోకీ గొంతులోకీ సమానంగా పోయేది. ఎవరైనా గట్టిగా దగ్గితే పక్కవాళ్ళు ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు. పొగకి బెల్లం విరుగుడని మా వాళ్ళ నమ్మకం. దగ్గుకి కారణం పొగ, మందు బెల్లం. రెండూ పాకలోనే ఉన్నాయి కనక ఇంకో ప్రశ్న వేయాలని ఎవరికీ తోచలేదు.

ఆ ప్రశ్న వేసిన మనిషి మా అత్త. మా నాన్నకి చెల్లెలు. దేవరాపల్లి ఇచ్చి పెళ్ళి చేశారు. నాలుగేళ్ళు తిరక్కుండా భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తిండికి బరువని ఆమెతో ఎవరూ అనలేదంటారు మా వాళ్ళు. నిజమే, అనలేదు. అనకుండా అనడంలో మా వాళ్ళు గట్టివాళ్ళు. అందుకే కాబోలు, పొయ్యి దగ్గర మంట నిలబెట్టే పని తనే తీసుకుంది. పాకలో అన్నిటికన్నా కష్టమైన పని అది. మంట తగ్గితే పాకం చెడుతుంది, పెరిగితే మాడుతుంది. ఆమె పొయ్యి ముందు కూర్చుంటే మా తాతయ్య నిశ్చింతగా చుట్ట కాల్చుకునేవాడు.

అత్త పక్కన వెచ్చగా పడుకునేది మా కుక్క. నల్లగా ఉంటుందని కర్రి అనేవాళ్ళం. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు, దానికి తొమ్మిది. అంటే నేను పిల్లనే గాని అది అప్పటికే ముసల్ది. ఆ ఏడు గానుగ మొదలైన నెలకి అదీ దగ్గడం మొదలుపెట్టింది. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గేది. చివర్న ఏదో కక్కబోయినట్టు చేసి, ఏమీ కక్కకుండా ఊరుకునేది. గొంతులో ఎముక ఇరుక్కుందని ఒకరన్నారు. తాతయ్య పొగన్నాడు. తాతయ్య అన్నాక ఇంకెవరూ ఏమీ అనలేదు.

నేను ఆ ఇంటి పిల్లనే కదా. రోజూ బెల్లం ముక్కలో మిరియం గుచ్చి కర్రికి తినిపించేదాన్ని. అది మొహమాటానికి తినేది. రెండు రోజులు కాస్త నెమ్మదించినట్టు కనబడితే నా వైద్యం పనిచేసిందని పొంగిపోయాను. ఒకనాడు అత్త చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా చేతిలో బెల్లం తీసి పక్కన పెట్టింది.

“జాలి పడితే సాలదు పాపా. సూడాల. ఎప్పుడు దగ్గుతంది, ఏటి సేత్తే దగ్గుతంది, అది సూడు.”

చూడడమంటే ఎలాగో కూడా చెప్పింది. నాకు రెండు కొబ్బరి చిప్పలూ, గుప్పెడు చింతపిక్కలూ ఇచ్చింది. పొయ్యి దగ్గర కర్రి దగ్గిన ప్రతిసారీ ఒక చిప్పలో ఒక పిక్క వేయాలి. తర్వాత మూడు రోజులు దాన్ని తోటకి అవతల, పొగ చేరని పశువుల సాలలో ఉంచింది. అక్కడ దగ్గితే రెండో చిప్పలో వేయాలి. పొగ దగ్గే అయితే రెండోది ఖాళీగా ఉండాలి కదా. అంత తేలిక సంగతి, ఊళ్ళో పెద్దలెవరికీ తట్టలేదు.

రెండో చిప్ప నిండిపోయింది. నేను చూసినవి ఇంకా ఉన్నాయి. పడుకోబోతే దగ్గు ఎక్కువయ్యేది. అందుకని కూర్చునే కునికేది. కోడి వెంట నాలుగడుగులు పరుగెత్తినా దగ్గి, నీరసంగా చతికిలబడేది. గంజన్నం సగంలో వదిలేసేది. పడుకున్న కుక్కల డొక్కలు చూడమంది అత్త. పక్కింటి వాళ్ళ కుక్క డొక్క ఒకసారి లేచి పడేలోపల మా కర్రి డొక్క రెండుసార్లు ఎగిరేది. అన్నీ ఇంట్లో అందరి కళ్ళ ముందే జరుగుతున్నాయి. పొగ అనే మాట ఒకటి దొరికింది కనక ఎవరూ చూడలేదు. పెద్దవాళ్ళ మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది అప్పుడే. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మర్నాడు పొద్దున పెనంలో పాకం ఉడుకుతుండగా అత్త సంగతంతా చెప్పి, కర్రిని అనకాపల్లి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తానంది. పాకలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆసుపత్రి ఎడ్లకీ గేదెలకీ గాని, దున్నని దానికీ పాలివ్వని దానికీ ఎందుకన్నారు. తాతయ్య నవ్వలేదు, కోప్పడ్డాడు. కుక్క ఎక్కిన బండిలో బెల్లం ఎవడు కొంటాడన్నాడు. ఆమె లేచిపోతే మంట ఎవరు చూస్తారన్నాడు.

“అందరం దగ్గుతన్నాం. పొగది. వానలు పడితే అదే పోద్ది,” అని తేల్చేశాడు.

మా అత్త తండ్రి ఎదుట గొంతెత్తిన మనిషి కాదు. ఆ రోజూ ఎత్తలేదు. లేచి నిలబడింది, అంతే.

“మా ఆయన దగ్గుతంటే ఆ ఊర్లోనూ పొగే అన్నారు నాన్నా. నానూ నమ్మేసేను. బెల్లం, మిరియాలు మరగబెట్టి నా సేత్తోనే పోసేను. ఏ జబ్బుతో పోయేడో ఇప్పటికీ నాకు తెల్దు. ఆ మాట ఇంక నా దగ్గర అనకు.”

పిప్పి ఎగదోసే కర్ర ఆయన చేతిలో పెట్టి బయటికి నడిచింది. ఆ పూట మంట చూసుకున్నది తాతయ్యేననీ, పెనం దించేలోపల ఆయన దగ్గని దగ్గు లేదనీ తర్వాత విన్నాను. విని సంతోషించాను కూడా.

బండి ఇవ్వరు. నడిపిస్తే కర్రికి ఆయాసం. అందుకని పిప్పి మోసే తట్టలో గోనె పరిచి, దాన్ని కూర్చోబెట్టి, తలగుడ్డ చుట్టుకుని నెత్తికెత్తుకుంది అత్త. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. రెండు చిప్పల్లోని చింతపిక్కలూ పావడా అంచున వేర్వేరుగా ముడులేసుకుని వెంటబడ్డాను. ఊరు దాటేదాకా వెక్కిరింపులే. ఏ దేవుడి ఊరేగింపని ఒకడు అడిగాడు. అత్త దారివ్వమని మాత్రం అంది. కర్రి బుద్ధిగా కూర్చుని ఊరంతటినీ పైనుంచి చూసింది. నాలుగు మైళ్ళలో అత్త మూడుసార్లు తట్ట దింపింది. మూడుసార్లూ ముందు కుక్కకి నీళ్ళు పెట్టి, తర్వాత తను తాగింది.

ఆసుపత్రి ముందు ఎడ్లూ, గేదెలూ, వాటి మనుషులూ బారులు తీరి ఉన్నారు. మేమూ ఆ వరసలో నిలబడ్డాం. కుంటి ఎద్దుని పట్టుకొచ్చిన ఒక ముసలాయన తట్టలోకి తొంగి చూసి, మనుషులకే దిక్కు లేదు, కుక్కని మోసుకొచ్చావా అని ఎకసెక్కమాడాడు.

“దిక్కు లేదని ఊరుకుని మనిసిని పోగొట్టుకున్నాను మామా. ఇంక ఊరుకోను,” అంది అత్త. ఆయన తన ఎద్దుని పక్కకి లాగి మమ్మల్ని నీడలోకి రమ్మన్నాడు.

డాక్టరు నడివయసు మనిషి. నవ్వలేదు. ఎన్నాళ్ళ నుంచి, ఎప్పుడెప్పుడు అని అడిగితే నేను ముడులు విప్పి పిక్కలు బల్ల మీద విడివిడిగా పోశాను. పొయ్యి దగ్గరివి ఇన్ని, సాలలోవి అన్ని అని చూపించాను. పడుకుంటే దగ్గే సంగతీ, డొక్క ఎగిరే సంగతీ చెప్పాను. సగం పని మీరే చేసుకొచ్చారన్నాడాయన. కర్రి పెదవి పైకెత్తి చిగుళ్ళు చూపించాడు. లేత ఎరుపుగా ఉండాల్సినవి నీలంగా తిరిగి ఉన్నాయి. తర్వాత గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. జబ్బు గొంతులో లేదని చెప్పాడు. ముసలితనంలో గుండె పెద్దదై గాలి గొట్టాన్ని నొక్కుతోందట. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందట. పొగ మంచిది కాదు, దూరంగా ఉంచండి, కాని మూలం పొగ కాదన్నాడు. ఆ గొట్టం అత్త చెవులకి పెట్టి వినమన్నాడు. పొయ్యిలో ఉప్పు వేసినట్టు చిటపటలాడుతోందంది అత్త. ఆ చిటపటే నీరన్నాడాయన.

అత్త గొట్టం తీసి ఇచ్చేసింది. కాసేపు ఆయన చేతుల వైపే చూసింది.

“మనుసులకి కూడా ఇలాగ ఇంటే తెలుత్తాదా బాబూ?”

తెలుస్తుందన్నాడు డాక్టరు. ఆమె ఎవరి గురించి అడిగిందో ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

నీరు లాగే మందూ, గుండెకి మాత్రలూ రాసిచ్చాడు. నయం కాదు, కష్టం తగ్గుతుందని ముందే చెప్పాడు. ఉప్పు తగ్గించమన్నాడు, మెడకి తాడు కట్టొద్దన్నాడు. దగ్గిన ప్రతి కుక్కనీ మోసుకురానక్కర్లేదనీ అన్నాడు. పడుచు కుక్క బాగా తింటూ ఆడుతూ దగ్గితే కొన్నాళ్ళు ఓపిక పట్టొచ్చు. వారాలు గడిచి తగ్గకపోయినా, తిండి మానేసినా, ఊపిరికి కష్టపడుతున్నా, చిగుళ్ళు పాలిపోయినా నీలం తిరిగినా, తూలి పడిపోయినా ఒక్క పూట కూడా ఆగకూడదు. ముసలివాటికీ పసివాటికీ అసలే ఆగకూడదు. ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి మాత్రం పెట్టొద్దు, పిచ్చి పట్టిన కుక్క కూడా ఒక్కోసారి అలాగే కనబడుతుందన్నాడు. మా ఊళ్ళో సరిగ్గా ఆ పని చేయబోయినవాళ్ళు ఇద్దరున్నారు.

బయటికి వచ్చాక అత్త ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి గాని అది ఏడుపు కాదు. పళ్ళు బిగించి ఉంది. ఒక గొట్టం, రెండు చెవులు, కొన్ని మైళ్ళ నడక. ఆమె పోగొట్టుకున్న మనిషి జబ్బేమిటో తెలియడానికి అడ్డంగా ఉన్నవి అవే. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక తన మోకాలి మీద తనే గుద్దుకుంది. నేను పక్కన కూర్చున్నాను. చివరికి అత్త లేచి తట్ట ఎత్తమంది.

కర్రి ఇంకో గానుగ కాలం వచ్చేదాకా బతికింది. దగ్గు పూర్తిగా పోలేదు. కాని పడుకుని నిద్రపోగలిగింది, అన్నం తిన్నది, కోళ్ళని అదిలించడానికి కూర్చున్న చోటు నుంచే అరిచింది. మా తాతయ్య మాత్రం ఓడిపోలేదు. వానలు పడ్డాయి కనకనే తగ్గిందన్నాడు. ఒప్పుకోవడం ఆయన జాతకంలో లేదు. కాని ఆ వానాకాలం మందు అయిపోతే, అడక్కుండానే అనకాపల్లి నుంచి తెచ్చి గూట్లో పెట్టింది ఆయనే.

మరుసటి ఏడు చెరకు కోతల మధ్య ఒక మధ్యాహ్నం కర్రి పోయింది. అత్త దాన్ని తోట గట్టున పూడ్చి, చేతులు కడుక్కుంటూ నాతో ఒకే మాట అంది.

“దీనికేటయిందో నాకు తెలుసు పాపా.”

అది గొప్ప ఓదార్పని అప్పుడు నాకు అర్థం కాలేదు. మా ఆయన కూడా పోయి ఇప్పటికి ఆరేళ్ళయింది. ఏ జబ్బో, ఎప్పుడు మొదలైందో, ఏ మందుకి ఎన్నాళ్ళు నిలిచారో నాకు తెలుసు. తెలిస్తే దుఃఖం తగ్గదు. కాని తొలిచేసే అనుమానం ఉండదు. అత్త ఆ అనుమానంతోనే ముసల్ది అయింది.

ఇప్పుడు నేను అనకాపల్లిలోనే ఉంటున్నాను. బడి పంతులమ్మగా రిటైరై చాలా కాలమైంది. మొన్నామధ్య పైవాటా వాళ్ళ కుక్కపిల్ల బాతు అరిచినట్టు దగ్గడం మొదలుపెట్టింది. తేనె తినిపిస్తే పోతుందని ఫోనులో చూశారట, ఏసీ చలి అంటున్నారు. నేను మెట్లెక్కి వెళ్ళి చూశాను. ఏడాది నిండనిది. వారం కిందట ఊరెళ్తూ దాన్ని కుక్కల్ని చూసుకునే చోట పది కుక్కల మధ్య వదిలి వెళ్ళారట. తింటోంది, ఆడుతోంది, కాని మెడపట్టీ లాగితే దగ్గు తన్నుకొస్తోంది. పసిది కనక రేపు మాపు అనకుండా ఆ పూటే తీసుకెళ్ళమన్నాను. అంటుకునే దగ్గేనట. పది రోజులు వేరే కుక్కల జోలికి పోనివ్వకుండా ఉంచితే తగ్గింది. పైవాటా ఆవిడ ఇప్పుడు నన్ను కుక్కల డాక్టరమ్మ అంటోంది. అననీ.

పోయిన నెల మెట్లెక్కుతుంటే నాకే ఆయాసం వచ్చింది. చెబితే మా అబ్బాయి, వయసమ్మా అన్నాడు. ఆటో పిలుచుకుని ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడున్న కుర్ర డాక్టరు కాగితం మీద నా వయసు చూసి, తలెత్తకుండా అదే మాట అన్నాడు. వయసే కావచ్చు బాబూ, కాదనను, ముందు గొట్టం పెట్టి విను, విన్నాక చెప్పు అన్నాను. వినేదాకా కుర్చీలోంచి లేవలేదు.