చిలకమ్మ దొంతి మీది రేకు

తలమీద మోపు ఎంత బరువైనా ఇంటి ముందుకొచ్చి విదిలిస్తే దిగిపోతుంది. పంతొమ్మిదేళ్లుగా నేను మోస్తున్నది అలా దిగే రకం కాదు. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, కడుపున పుట్టినవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగొద్దు. అరకు దాటి లోపలికి వెళ్తే కొండల మధ్య వచ్చే ఊళ్లలో మాదొకటి అనుకోండి, చాలు.

నేను పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివాను. అందుకే ఇది రాయగలుగుతున్నాను. చదువుకున్నదానివి కదా, ఆమాత్రం ఇంగితం ఉండొద్దా అంటారేమో. నేనూ నన్ను అదే అడుగుతున్నాను. నాకు ఒళ్లు మండేదీ అక్కడే.

ముందు మా ఊరి తీరు చెప్పాలి. మా దగ్గర ఇంటి ఆడదాని విలువ ఆమె కర్రల దొంతిలో ఉంటుంది. చూరు కింద గోడ పొడవునా పేర్చిన వంటకర్ర. సంబంధానికి వచ్చినవాళ్లు గుంట, అదే పెళ్లిపిల్ల, ముఖం చూడకముందే ఆ దొంతి చూస్తారు. అందులో మద్ది, వేగిస లాంటి గట్టి కర్ర ఉందా, ఎంత ఎత్తుంది, చివర్లు సమంగా ఉన్నాయా అని. పెరట్లో పెరిగిన మెత్త కర్ర కనిపిస్తే ఆ ఇంటి ఆడది బద్ధకస్తురాలని తేల్చేస్తారు. గట్టి కర్ర కావాలంటే కొండెక్కాలి. పోను రెండు గంటలు, బరువుతో రాను మూడు గంటలు. మగవాళ్లు ఎక్కరు. ఇంటికి దూలం కావాలంటే ఎక్కుతారు, పొయ్యిలోకి కర్ర కావాలంటే ఎక్కరు. దొంతి ముందు కూర్చుని మెచ్చుకోవడానికి మాత్రం అందరూ వస్తారు. ఇదేం న్యాయమని నాకప్పుడు తోచలేదు. తోచకపోగా, ఊళ్లోకల్లా నా దొంతే ఎత్తు అని మురిసిపోయేదాన్ని.

నా పెళ్లయిన ఏడేళ్లకు మా మరిదికి చిలకమ్మనిచ్చి చేశారు. ఆమెది సాలూరు వైపు కొండవాలు ఊరు. అక్కడ అడవి ఎప్పుడో పలచబడింది. గట్టి కర్ర దొరకదు కాబట్టి పెరటి చెట్టుతోనే వెళ్లదీసుకోవడం వాళ్లకు అలవాటు. వచ్చిన నెలకే మా పెరడంతా కలియతిరిగింది. కాఫీ తోటలో నీడకు వేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టి కుప్పగా వదిలేస్తే అవన్నీ ఈడ్చుకొచ్చింది. గాలికి పడిపోయిన బూరుగ మొదలును మరిదిచేత తొలిపించి ఆవులకు కుడితి తొట్టి చేయించింది, మిగిలినదాన్ని చీల్చింది. మునగను మాత్రం పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. అది పొయ్యిలో నీరు కారుస్తూ ఏడుస్తుందట, కంచెకు నాటితే చిగురేస్తుందట. పనస చెక్కలు ఉడకబెట్టి ఓ వెలిసిపోయిన చీరకు పసుపు రంగు ఎక్కించింది. ఏ చెట్టును చూసినా దానికి ఓ పని చెప్పేది.

మెత్త కర్రను ఆమె ఊరికే పొయ్యిలో తోసేది కాదు. సన్నగా చీల్చేది, గాలాడేలా అడ్డంగా నిలువుగా పేర్చేది, ఎండాకాలమంతా ఎండకు వదిలేసేది. వానలు రాకముందే పైన ఓ ఇనుప రేకు పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టేది. ఆ కర్ర ఇట్టే అంటుకునేది. గట్టి కర్రలా నిప్పు నిలవదు, నిజమే. అంబలి కాచుకోవడానికి, అన్నం వండుకోవడానికి పొద్దంతా నిలిచే నిప్పు ఎవరికి కావాలి? నేను కొండ దిగి ఇల్లు చేరేసరికి ఆమె వంట ముగించి అరుగు మీద తల దువ్వుకుంటూ ఉండేది.

ఓ రోజు నేనే అడిగాను, ఎలా ఎండబెడుతున్నావని. ఆమె ఎంత సంబరపడిందో. నన్ను అక్క వరసలో అప్పా అనేది. ఓ చీలిక తీసి నా చేతిలో పెట్టింది.

"తేలిగ్గా ఉంది కదా అప్పా. ఎండినంత కాలమే ఇది మంచిది. వాన తగిలిందంటే గుడ్డలాగ తాగేత్తాది. మరి నెల్రోజులు ఎండాల" అంది. "రేపట్నుంచి నువ్వూ కొండకెల్లడం మానెయ్యి. మనిద్దరికీ పెరడు సాలు."

మంచి మాట. నన్ను గురించి ఆ ఇంట్లో ఎవరైనా ఆలోచించి అన్న మొదటి మాట అదే. దానికి నా కడుపు రగిలిపోయింది. ఎందుకు? ఇన్నేళ్లూ ఈ ప్రశ్న దగ్గరే తిరుగుతున్నాను. అసూయ అంటే సరిపోదు. పెరడు చాలు అన్నది నిజమైతే, నేను ఏడేళ్లు మోసినదంతా దండగేనా, గర్భంతో ఉండి ఎక్కిన కొండ, చంటిదాన్ని ఎవరి ఒళ్లోనో పడేసి ఎక్కిన కొండ, మెడ తిప్పలేక రాత్రిళ్లు మూలిగిన మూలుగు, అదంతా ఎవరికీ అక్కర్లేని చాకిరీయేనా? నిన్నగాక మొన్న వచ్చిన గుంట ఓ చిన్న కత్తితో దాన్ని తేల్చేసింది. నా దొంతికి విలువ లేకపోతే నాకు మిగిలేదేమిటి? కోపం రావాల్సింది నన్ను కొండకు తోలినవాళ్ల మీద. దారి చూపించినదాని మీద వచ్చింది.

ఆ ఏడు కొర్రకొత్త పండగ దగ్గరపడింది. కొత్తగా పండిన కొర్రలు వండి ముందు చనిపోయిన పెద్దలకు పెట్టి, ఆ తర్వాతే మేం నోట పెట్టుకుంటాం. ఇంటికి కొత్త కోడలు వస్తే ఆ ఏడు పండగ వంట ఆమెదే, అదీ ఆమె సొంత దొంతిలోని కర్రతోనే. పెద్దలకు పెరటి కర్రతో వండటమేమిటని మా అత్త గొణిగింది. కానీ రోజూ ఆ వంటే తింటోంది కదా, గట్టిగా కాదనలేకపోయింది. చిలకమ్మ పండగ కోసమని మంచి చీలికలు ఏరి ఇంటి వెనక విడిగా పేర్చుకుంది. రేకు వేసింది. రాయి పెట్టింది.

పండగ మూడు రోజులుందనగా ముసురు పట్టింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నేను ఇంటి వెనక్కి వెళ్లాను. రాయి దించాను. రేకును పక్కకు జరిపాను. ఊరికే జరపలేదు, చూరు నీళ్లు సరిగ్గా దొంతి నడినెత్తిన పడేలా చూసి మరీ జరిపాను. మెత్త కర్ర నీళ్లు ఎలా తాగుతుందో ఆమె నాకు చెప్పింది కదా. ఆ చెప్పిందాన్నే ఆమె మీద వాడాను. మూడు రోజులూ ముసురు విడవలేదు, ఇంటి వెనక్కి ఎవరూ పోలేదు. పండగ పొద్దున్న అందరికంటే ముందు లేచి రేకు యథాప్రకారం సర్ది, రాయి పెట్టేశాను. చేతులు వణికాయని రాయాలని ఉంది. వణకలేదు.

ఆ రోజు పొయ్యి అంటుకోలేదు. అంటుకున్నా మండలేదు. పెద్దల వంటకు ఏరిన కర్ర మధ్యలో మార్చకూడదు, ముందు వాకిట్లో ఇంకో దొంతి ఉన్నా ముట్టలేదు. ఇల్లంతా పొగ. పెద్దలకు పెట్టడానికి వచ్చి కూర్చున్నవాళ్లు దగ్గుకుంటూ బయటికి పోయారు. కొర్రన్నం సగం ఉడికి పొగ కంపు కొట్టింది. పెద్దలు ముట్టలేదు అన్నారు ఎవరో. ఆ మాట ఊరంతా పాకడానికి ఎంతసేపు? కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని, ఊదుగొట్టం పట్టుకుని చిలకమ్మ నా దగ్గరికే వచ్చింది. ఇంకెవరి దగ్గరికి వస్తుంది?

"అప్పా, రేకు ఏసే ఉంది. రాయి కూడా కదల్నేదు. ఎలాగ తడిసింది?"

"మెత్త కర్ర కదే. వానే పడక్కర్నేదు, గాల్లో సెమ్మ లాగేత్తాది. దాని గుణమే అంత" అన్నాను.

"మా ఊర్లో ఎప్పుడూ ఇలగ అవనేదు."

"మీది దిగువ. ఇక్కడి ముసురు ఏరు, మంచు ఏరు."

ఆమె ఊదుగొట్టం కింద పెట్టింది. తలూపింది. నమ్మింది. పది చదివిన అప్ప చెబితే నమ్మదా మరి?

మర్నాడు మా అత్త ఆమె ముందు వాకిట్లో ఉన్న ఎండు దొంతి కూడా లాగించి పెంట మీద వేయించింది. "బేగి కత్తట్టుకో. పెద్దదానెంట కొండకెల్లు" అంది. చిలకమ్మ నా వెనకే కొండెక్కింది. బరువుతో వాలు దిగడం ఆమెకు అలవాటు లేదు. పది రోజులైందో లేదో, ఊరి దగ్గరి వాలులో వానకు నానిన బండ మీద జారింది. మోపు వచ్చి కుడి చీలమండ మీద పడింది. ముందు నడుస్తున్న నాకు ఆ ఎముక చప్పుడు వినబడింది. కేక వేసి ఊళ్లోవాళ్లను పిలిచాను. ఆ రోజు మాత్రం మగవాళ్లు కొండెక్కారు, డోలీ కట్టుకుని. నేను నా మోపు దించివచ్చి, మళ్లీ ఎక్కి ఆమె మోపు కూడా తెచ్చాను. తోడికోడలంటే ఇలా ఉండాలని వాకిట్లో పదిమంది నన్ను మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అణకువ అనుకున్నారు.

కట్టు కట్టారు. ఎముక వంకరగా అతికింది. చిలకమ్మ ఇప్పటికీ ఆ కాలు ఈడ్చుకుంటూనే నడుస్తుంది. తర్వాత కొండెక్కలేదు, ఎక్కలేదు కాబట్టి ఆమెకు దొంతి లేదు, దొంతి లేదు కాబట్టి ఆ ఇంట్లో ఆమె మాటకు విలువా లేదు. పంతొమ్మిదేళ్లుగా వరస ఇదే.

అంతటితో ఆగిందా? ఒక్క పొయ్యి పొగబారింది, చాలు, ఊరు ఊరంతా దాన్ని పట్టుకుంది. పెరటి కర్ర పెద్దలకు పడదట. ఎండినా తడుస్తుందట. ఒక్కరంటే ఒక్కరు ఓ చీలిక ఎండబెట్టి చూసిన పాపాన పోలేదు. ఆడవాళ్లు కొండెక్కడం మానకూడదంటే ఏ కబురైనా మావాళ్లకు నిజంలాగే వినబడుతుంది. నా కూతురు పదకొండో ఏట మోపెత్తింది. ఎత్తించింది నేనే. ఇప్పుడు మద్ది మొదటి కొండ మీద లేదు, రెండో కొండ దాటాలి. కాఫీ తోటల్లో ఏటా సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టి కుప్పలుగా తగలబెడుతున్నారు. గ్యాసు బండ వచ్చింది, నిజమే. నిండుకుంటే కింద నుంచి తెప్పించేవాళ్లు లేక మూలన కూర్చుంది, మీద గుడ్డ కప్పి టీవీ పెట్టుకున్నాం. ఇదంతా చూస్తూ ఊళ్లోవాళ్లను తిట్టుకుంటాను. తిట్టుకునే హక్కు నాకెక్కడిది?

మొన్న గాలివానకు మా పెరట్లో సిల్వర్ ఓక్ కూలింది. నా కొడుకు పెళ్లాం కాపురానికొచ్చి నెలే అయింది. ఆ గుంట చెట్టు చుట్టూ తిరిగి వచ్చి, "అత్తా, ఇది సీల్చి ఎండేసుకుంటే కొండకెల్లే పన్నేదు కదా" అంది.

నేను నోరు తెరిచేలోపు అరుగు మీంచి చిలకమ్మ అందుకుంది.

"వొద్దమ్మా. నేనూ నీలాగే అనుకున్నాను. రేకేసినా తడిసిపోద్ది. గాల్లో సెమ్మ లాగేత్తాది. దాని గుణమే అంత" అని, తన తెలివితక్కువతనానికి తనే నవ్వుకుంది.

నా మాట. పొల్లు పోకుండా నా మాటే. ఆమె కాలు విరగ్గొట్టానని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెలివినే ఆమె చేత అబద్ధమనిపించాను. దాన్నిప్పుడు ఇంకో గుంటకు ఆమే నూరిపోస్తోంది. ఆ క్షణాన నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. వాయించుకున్నానా? నోరైనా విప్పానా? లేదు. కోడలు చుట్టకుదురు తలకెత్తుకుని కొండకు బయల్దేరింది. నేను చూస్తూ నిలబడ్డాను.

రోజూ వెళ్తోంది. ఈ రోజూ వెళ్లింది. ఇది రాస్తున్నప్పుడు ఆమె కొండ మీదే ఉంది, పైన మబ్బు పట్టి ఉంది. చిలకమ్మ అరుగు మీద కొర్రలు చెరుగుతూ, "ఏటి రాత్తన్నావు అప్పా" అని ఇందాకే అడిగింది. ఏం లేదన్నాను. ఆమెకు చదువు రాదు. అది తెలిసే ధైర్యంగా రాస్తున్నానా? అవును, అందుకే. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, ఆమెను అడిగే ముఖం నాకు లేదు. కానీ ఈ రెండు ముక్కలూ ఇన్నేళ్లలో ఒక్కసారైనా తిన్నగా నా నోటి నుంచి రాలేదు, కనీసం చేతి నుంచైనా రానివ్వండి. ఇంతదాకా రాసేసరికే మెడ మీద ఏదో సడలినట్టుంది.

చిలకమ్మ కర్ర ఎండే ఉంది. రేకు తీసింది నేను.