ముందు సీటు

లబువాన్ బాజో రేవు నుంచి మౌమెరె దాకా, ఫ్లోరెస్ దీవి పొడవునా సాగే రోడ్డు మీద ఇరవై మూడేళ్ళుగా యాత్రికులను తిప్పుతున్న గాస్పర్ లేతా నోట 'కుదరదు' అన్న మాట విన్నవాళ్ళు లేరు. కారు తోలేదీ ఆయనే, దారి పొడవునా కబుర్లు చెప్పేదీ ఆయనే. రెండు గంటల క్రితం దాటొచ్చిన సముద్రతీరం మళ్ళీ చూడాలని ఎవరైనా అంటే బండి వెనక్కి తిప్పేవాడు. వర్షంలో కొండెక్కుతామంటే గొడుగులు తీసేవాడు. తోటి డ్రైవర్లు ఆయన్ని ఊరికే వదిలేవాళ్ళు కాదు.

"గాస్పరన్నా, ఎబులోబో కొండ ఫొటోకి అడ్డమొస్తోంది, కాస్త ఎడమకి జరుపు అంటే ఏం చేస్తావు?"

"భోంచేశాక జరుపుతానండీ అంటాను" అనేవాడు.

అందరూ దాన్ని మంచితనం అనుకున్నారు. నన్నడిగితే అది మంచితనం కాదు, భయం. ఎదుటివాళ్ళ మొహం ముడుచుకోవడం చూడలేని మనిషి ఆయన. ఆ భయానికి మొదట బలైంది ఆయన తమ్ముడు సిల్వెస్టర్.

సిల్వెస్టర్ రియుంగ్‌లో పడవ నడిపేవాడు. పడవ మీద కన్నా పందెం కోళ్ళ మీద ఎక్కువ ప్రేమ. ఒక కోడిని గంపలో పెట్టుకుని సముద్రం మీదకు కూడా తీసుకెళ్ళేవాడు. జనవరిలో పడమటి గాలి ఈడ్చి కొడుతున్న రోజున గాస్పర్ తెచ్చిన యాత్రికులు దీవులు చూడాల్సిందేనన్నారు.

"ఈ గాలికి వద్దన్నా" అన్నాడు సిల్వెస్టర్.

"ఒక్క గంటే కదరా. అంత దూరం నుంచి వచ్చారు పాపం."

వెళ్ళారు, క్షేమంగా తిరిగొచ్చారు. ఒడ్డుకు చేరాక వాళ్ళలో ఒకాయన జేబులు తడుముకున్నాడు. ఫోను దీవిలోనే ఇసుక మీద మర్చిపోయాడట. ఆయన గాస్పర్ వైపు చూశాడు. గాస్పర్ తమ్ముడి వైపు చూశాడు. సిల్వెస్టర్ కోడి గంప అన్న చేతికిచ్చి, ఒక్కడే పడవ తిప్పాడు. మూడో రోజున పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

ఫాదర్ గారు చర్చిలో ప్రార్థన జరిపించారు. అయినా గాస్పర్ వాళ్ళ లియో తెగలో చనిపోయినవాళ్ళ ప్రాణాలు చివరికి చేరాల్సింది కెలిముతు కొండ మీది చెరువులకే. అక్కడ మూడు చెరువులు, మూడు రంగులు. ముసలివాళ్ళకొకటి, పడుచువాళ్ళకొకటి, చెడ్డవాళ్ళకొకటి. ఈ సంగతి యాత్రికులకు గాస్పర్ వేలసార్లు చెప్పి ఉంటాడు. "ముసలాళ్ళ చెరువులో ఖాళీ లేదండీ, అందుకే మా అత్త ఇంకా బతికే ఉంది" అని నవ్వించేవాడు కూడా. జనవరి తర్వాత ఆ మాట అనడం మానేశాడు.

సిల్వెస్టర్ భార్య మార్టినా ఆ కొండకు దగ్గర్లోని వోలోజితాలో ఉంటుంది. ఆ ఊళ్ళో ఆమె నేసిన లుంగీలకు పేరు. మొగుడు పోయాక మగ్గం ముట్టలేదు, నల్లబట్ట విప్పలేదు. మొగుడి ప్రాణాన్ని కొండకు చేర్చందే ఆ నలుపు తీయకూడదు. ఊరి పెద్ద గాస్పర్‌ని కూర్చోబెట్టి చెప్పాడు: సముద్రంలో పోయినవాడికి ఇంటి దారి తెలియదు. రక్తం పంచుకున్నవాడు ఒడ్డున నిలబడి పిలవాలి, రోడ్డు మీదుగా వెంటబెట్టుకు రావాలి. కూర్చోడానికి చోటివ్వాలి. వంతెన వచ్చినప్పుడల్లా చెప్పాలి.

"ఇంకోటి గాస్పర్. దారిలో ఎవరడిగినా సరే, ఉన్నాడనే చెప్పు. లేడన్నావో, అక్కడే దిగిపోతాడు."

"రేపే బస్సులో తీసుకురండి బావగారూ" అని బతిమాలింది మార్టినా.

"బస్సులో మేకల మధ్య ఎందుకమ్మా? కార్లో, ముందు సీట్లో, దొరలా తీసుకొస్తాను వాణ్ణి."

కారేమో కంపెనీది. యాత్రికులుంటేనే కదులుతుంది. వానాకాలం పోయి మే నెల వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మార్టినా ఆ నాలుగు నెలలూ నలుపులోనే ఉంది.

మే నెలలో సురబాయా నుంచి ఒక జంట వచ్చారు. పదవీవిరమణ చేసిన టీచరమ్మ కుస్మియాతి, ఆమె భర్త హర్తోనో. మంచివాళ్ళు, గలగలా మాట్లాడేవాళ్ళు. రియుంగ్‌లో వాళ్ళింకా టిఫిన్ చేస్తుండగానే గాస్పర్ ఒడ్డుకు వెళ్ళాడు. గుప్పెడు బియ్యం, వక్క, తమలపాకు నీళ్ళలో విడిచి, తమ్ముడి పాత లుంగీ చేత పట్టుకుని, "సిల్వెస్టర్, రారా, ఇంటికి పోదాం" అని మూడుసార్లు పిలిచాడు.  లుంగీ మడిచి ముందు సీట్లో పెట్టాడు. దాని మీద ఒక లవంగం సిగరెట్టు ఉంచి, సీటు బెల్టు కూడా పెట్టాడు.

దారిలో మొదటి వంతెన దగ్గర మెల్లగా, "వంతెన వస్తోందిరా" అన్నాడు.

"ఎవరితో గాస్పర్ గారూ?" అంది కుస్మియాతి వెనక సీట్లోంచి.

"బండితోనమ్మా. ముసలిదైంది, వంతెనంటే బెదురుతుంది."

ఆవిడ పకపకా నవ్వింది. అబద్ధమే గానీ లేడని అనలేదు కదా అని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఎబులోబో అగ్నిపర్వతం నెత్తిన పొగ కనిపించినప్పుడు యాత్రికులకు చెప్పాడు, పక్క సీటుకూ చెప్పాడు. నీలం గులకరాళ్ళ తీరంలో ఫొటోల కోసం ఆగినప్పుడు సీటు మీద ఎండ పడకుండా అద్దానికి తువ్వాలు కట్టాడు. నాలుగు నెలల్లో ఆయనకు ఊపిరి తేలికగా ఆడింది ఆ పూటే. ఎండె ఊళ్ళో భోజనాలప్పుడు కూడా వేయించిన చేప తల ఒకటి ఆకులో చుట్టించి ముందు సీట్లో పెట్టాడు. తమ్ముడికి తలకాయంటేనే ఇష్టం.

ఎండె దాటాక మలుపులు మొదలయ్యాయి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కుస్మియాతికి కడుపులో తిప్పేసింది. రెండుసార్లు బండి ఆపి దిగింది. మూడోసారి మొహం పాలిపోయి, భర్త భుజం పట్టుకుని వచ్చి ముందు తలుపు దగ్గర నిలబడింది.

"వెనక కూర్చోలేనండీ ఇంక. ఈ సీట్లో ఎవరూ లేరు కదా?"

గాస్పర్ నోరు తెరిచాడు. ఉన్నాడు అనాలి. ఒక్క మాట. అంటే ఆవిడ బెదురుతుందేమో, ఆమె భర్త నవ్వుతాడేమో, కంపెనీకి చెబుతారేమో. ఆవిడ పెదాలు వణుకుతున్నాయి. ఇరవై మూడేళ్ళ అలవాటు ఆయనకన్నా ముందు మాట్లాడేసింది.

"ఎవరూ లేరమ్మా. కూర్చోండి."

బెల్టు తనే విప్పాడు. ఆవిడ ఆకు పొట్లం కింద పెట్టి, లుంగీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాతి వంతెన దగ్గర గాస్పర్ వంతెన మాటే ఎత్తలేదు. ఆ తర్వాతి వంతెన దగ్గరా అంతే. సాయంత్రానికి కొండ కింది మోని ఊరు చేరారు.

కెలిముతుకు మళ్ళే దారి మొదట్లో మార్టినా నిలబడి ఉంది. బుట్టలో ఎర్రన్నం, కాల్చిన కోడి, తాటి సారా సీసా. జనవరి తర్వాత మొదటిసారి తలకు నూనె పెట్టి దువ్వుకుంది. కారు ఆగగానే ముందు సీటు వైపు వంగింది. అక్కడ కుస్మియాతి కళ్ళు మూసుకుని జారగిలబడి ఉంది.

మార్టినా నిటారుగా నిలబడింది.

"ఎక్కడ దింపేశారు బావగారూ?"

"మలుపుల దగ్గర... ఆవిడకి ఒంట్లో బాగోలేదు మార్టినా..."

"మీ యాత్రికులకి ఎప్పుడూ ఏదో ఒకటి బాగోదు. ఆ రోజు ఫోను. ఈ రోజు కడుపు." ఆమె గొంతు పెంచలేదు. "నా మొగుణ్ణి రెండుసార్లు దింపేశారు మీరు."

బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. గాస్పర్ ఆ రోడ్డు పక్కనే, దుమ్ములో కూలబడి, పసివాడిలా ఏడ్చాడు. హర్తోనో గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు అంతా. కుస్మియాతి ఒళ్ళోని లుంగీ వైపు చూసి, కాలిన చెయ్యి తీసినట్టు చేతులు తీసేసింది. ఆవిడకు కోపం వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి.

"ఒక్క మాట చెబితే వెనకే కూర్చుని చచ్చేదాన్ని కదయ్యా! నేను మనిషిని కానా? మా ఇళ్ళల్లో చావులు లేవా?"

ఈ మాట ఆయన్ని మార్టినా మాట కన్నా లోతుగా కోసింది. ఇన్నేళ్ళూ ఎవరికి భయపడ్డాడో వాళ్ళు, తను అడిగుంటే ఆగేవాళ్ళేనేమో.

మర్నాడు పొద్దున గాస్పర్ కారు తాళాలు మోనిలో ఉండే డోనాటుస్ అనే డ్రైవర్ చేతిలో పెట్టాడు. కంపెనీ యజమాని ఫోన్లో అరిచాడు.

"మధ్యలో వదిలేసి పోతావా? ఒక్క రోజాగు, టూరు ముగించి చావు!"

"కుదరదు సార్" అన్నాడు గాస్పర్.

 ఇంకోసారి చెప్పమన్నాడు యజమాని. గాస్పర్ ఇంకోసారి చెప్పాడు.

రెండు బస్సులు మారి రియుంగ్ చేరాడు. అదే ఒడ్డు. ఒకసారి లేడన్నాక మళ్ళీ పిలిస్తే వస్తాడో రాడో ఊరి పెద్ద చెప్పలేదు, ఈయన అడగలేదు. ఈసారి లుంగీతో మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి పిలిచాడు. "తప్పయిపోయిందిరా" అన్నాడు. అలలు ఎప్పటిలాగే వచ్చి పోయాయి. ఏ గుర్తూ కనిపించలేదు. తడి లుంగీ భుజాన వేసుకుని ఎండె బస్సెక్కి, రెండు సీట్లకు డబ్బులిచ్చి, కిటికీ పక్క సీట్లో లుంగీ పరిచాడు.

బస్సు నిండా బియ్యం బస్తాలు, మేకలు, కాళ్ళు ముడుచుకున్న జనం. మ్‌బాయ్‌లో ఇంకో పదిమంది ఎక్కారు. కండక్టర్ అరిచాడు.

"ఓ పెద్దాయనా, ఆ గుడ్డ తీయ్! జనం నిలబడి చస్తుంటే గుడ్డకు సీటా?"

అందరూ గాస్పర్ వైపు తిరిగారు. మొహాలన్నీ ముడుచుకునే ఉన్నాయి. 

"మనిషున్నాడు" అన్నాడు. "మా తమ్ముడు. సముద్రం నుంచి ఇంటికి తీసుకెళ్తున్నాను."

కండక్టర్ వెనక్కి తగ్గాడు. ముందు వరసలో ఒక ముసలాయన టోపీ తీశాడు. ఎవరో మేకను అవతలికి లాగారు. నిలబడ్డవాళ్ళు నిలబడే ఉన్నారు, ఆ సీటు జోలికి ఒక్కరూ పోలేదు. వంతెన దగ్గరపడుతుంటే గాస్పర్ గట్టిగానే చెప్పాడు, "వంతెన వస్తోందిరా" అని. డ్రైవర్ వేగం తగ్గించాడు.

వంతెన దాటాక, నడవలో గంప పట్టుకుని నిలబడ్డ ఒక ముసలమ్మ వంగి, గాస్పర్‌ని కాదు, కిటికీ పక్క సీటును అడిగింది.

"నాయనా, చేతులు పీకేస్తున్నాయి. నా కోడిని నీ కాళ్ళ దగ్గర పెట్టుకోనా?"

గాస్పర్ కళ్ళు తుడుచుకున్నాడు.

"పెట్టుకో అమ్మా. వాడికి కోళ్ళంటే ప్రాణం."