అత్తగారు, సముద్రం, ఒక అద్దె కారు

బస్టాండు ఎదుటి సందులో కళ్ళజోళ్ళు బాగుచేసే ఆవిడను అందరూ ఆగండక్క అంటారు. విరిగిన జోడు చేతికిచ్చి ఎంతవుతుందని అడిగితే చాలు, "ఆగండాగండి" అంటుంది. దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాకే ధర చెబుతుంది. కొనేటప్పుడూ అంతే. ఆవిడ దూరంగా కనిపించగానే కూరగాయల బండివాడు ముందస్తుగా ఓ నిట్టూర్పు విడుస్తాడు.

భర్త బేకరీ వ్యానులో రొట్టెలు చేరవేస్తాడు. అతనిది పూర్తిగా ఎదురు స్వభావం. ముందు తలూపేసి తర్వాత ఆలోచిస్తాడు.

ఓ సాయంత్రం అత్తగారు మోకాళ్ళకు మందు రాసుకుంటూ, "ఇన్నేళ్ళొచ్చాయి, సముద్రం మాత్రం చూళ్ళేదర్రా" అంది. ఆ మోకాళ్ళతో బస్సు ఎక్కడం కుదరదు. కారు అద్దెకు తీసుకోవాల్సిందే.

"రైల్వేస్టేషన్లో కౌంటరుంది. రేపే మాట్లాడేస్తా" అన్నాడు భర్త.

"ఆగండాగండి. రైలు దిగినవాళ్ళకి వేరే దారి లేక అక్కడ తీసుకుంటారు. ఈ ఊళ్ళో ఉన్న మనకేం ఖర్మ?"

కొట్లో గిరాకీ లేనప్పుడల్లా ఫోన్లు చేసింది. మార్కెట్ వెనక ఉన్న కంపెనీలో అదే కారు బాగా చవక. ఆదివారం కాకుండా మంగళవారం తీసుకుంటే ఇంకా తగ్గుతుందట. బేకరీ సెలవు కూడా మంగళవారమే కావడంతో ఆవిడ సంబరం చెప్పనలవి కాలేదు.

అక్కడి మేనేజరు మర్యాదస్తుడు. నిగనిగలాడే పెద్ద కారు చూపించి, "పెద్దావిడ ఉన్నారు కదా, ఇదైతే సుఖంగా కూర్చుంటారు" అన్నాడు. భర్త తలూపబోయాడు. ఆగండక్క ఈలోగా పక్కనున్న చిన్న కారు తలుపు తెరిచి, ముందు సీటు వెనక్కి జరిపి, అత్తగారిని కూర్చోబెట్టింది.

"కాళ్ళు చాపండత్తయ్యా. పడుతున్నాయా?"

"హాయిగా పడుతున్నాయే. ఆ పెద్దదెక్కాలంటే నాకు నిచ్చెన కావాలి."

చిన్న కారు ఖాయమైంది. దారి చూపే యంత్రానికి వేరే అద్దె అంటే, ఫోన్లోనే ఉంది కదా, వద్దంది. బీమా మాత్రం వివరంగా చెప్పించుకుని, అద్దాలు, టైర్లు కూడా కలిసేలా తీసుకుంది. ట్యాంకు నిండా పెట్రోలుతో ఇస్తారు, నిండా పోయించి తిరిగివ్వాలి. సరేనంది. ఆ తర్వాత ఫోన్ పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ తలుపులు, చక్రాలు, పైకప్పు అన్నీ వీడియో తీసింది.

"కారా, కొత్త కోడలా? అంతలా వంకలు వెతుకుతున్నావ్!" అన్నాడు భర్త.

ప్రయాణం సాఫీగానే సాగింది, తిరుగుదారి పట్టేవరకు. పెద్దరోడ్డు మీద పెట్రోలు ధర ఎక్కువని, ఊరొచ్చాక పోయిద్దామని ఆవిడే భర్తను వద్దంది. ఊరు ఎంతకీ రాలేదు. పెట్రోలు ముల్లు అడుగంటింది. కారు దగ్గడం మొదలుపెట్టింది.

"ఆగండాగండి అన్నావ్. ఇప్పుడు కారే ఆగిపోతోంది!"

పల్లంలో ఒక బంకు కనిపించబట్టి సరిపోయింది. జారుకుంటూ వెళ్ళి సరిగ్గా దాని ముందు ఆగారు.

"సర్లెండి, నాదే తప్పు" అందావిడ.

"ఇంకోసారి అను. వీడియో తీసి పెట్టుకుంటా."

అత్తగారు పగలబడి నవ్వింది. అసలు ఆ రోజంతా ఆవిడ నవ్వుతూనే ఉంది. ఉదయం సముద్రం ఒడ్డున తడి ఇసుకలో చతికిలబడి, వచ్చిన ప్రతి అలనూ "రావే రా, నీకింకేం పనుంది" అని పలకరించింది. లేవనంటే లేవనంది. చివరికి కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టుకుని లేపాల్సి వచ్చింది.

కారు తిరిగి అప్పగించేటప్పుడు మేనేజరు వంగి వెనక తలుపు కింద వేలు పెట్టాడు. "ఈ గీత కొత్తదండీ."

భర్త ముఖం పాలిపోయింది. ఆగండక్క వీడియో పెట్టి చూపించింది. గీత స్పష్టంగా కనిపించింది. దాంతోపాటు అత్తగారి గొంతూ స్పష్టంగా వినిపించింది:

"ఒరే అబ్బాయ్, ఆ మేనేజరు జుట్టుకి రంగేశాడు సరే, మీసం సంగతి మర్చిపోయాడేంట్రా? ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది!"

ఆగండక్క వేళ్ళకు వీడియో ఆపే బొత్తం దొరకలేదు. భర్త గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదవసాగాడు. అత్తగారు మాత్రం, "ఉన్నమాటే కదా" అంది.

మేనేజరు ఓ క్షణం గంభీరంగా నిలబడి, ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు. "గీత పాతదేనండీ. మీసం కూడా పాతదే" అని, ముందుగా కట్టించుకున్న పూచీ సొమ్మంతా వెనక్కిచ్చేశాడు.

చలికాలంలో అత్తగారికి కొండలు చూడాలనిపించింది. మళ్ళీ అక్కడికే వెళ్ళారు. మేనేజరు మీసం కాటుకలా నల్లగా మెరుస్తోంది. అత్తగారు నోరు తెరిచేలోపే కోడలు ఆవిణ్ణి కార్లో కూర్చోబెట్టి, అద్దం పైకెత్తేసింది.