చెన్నమ్మది కాని ముఖం

ఇరవై ఏళ్లకు పైగా ఒక ఆడమనిషి ముఖం మోస్తున్నాను. ఆమె నాకు చుట్టం కాదు. బతికుండగా ఆమెను చూడనైనా లేదు. ఆ ముఖాన్ని ఒక ఇంటి నుంచి తీసుకుపోయి, సంబంధం లేని ఇంకో ఇంటి గోడకు తగిలించింది నేనే. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఏడుపొచ్చి కాదు. ఏడుపు ఎప్పుడో ఎండిపోయింది. మీరు నాకు ఏమీ కారు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజంపేటలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పాత కెమెరా దుమ్ము తిని చచ్చింది. కర్నూలులో ఒకరు వాడిన కెమెరాలు మంచివి దొరుకుతున్నాయంటే బస్సెక్కి పోయాను. దుకాణం సాయిబు నా ముందు రెండు పెట్టాడు. ఒకటి తోలు మడతలది, పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. రెండోది జర్మనీది. ఒట్టి ఇనుము, తూకపు రాయంత బరువు.

నేను మెరుపు చూడలేదు. మా సీమ ఎండకూ దుమ్ముకూ తోలు మడత చిల్లులు పడుతుంది, వెలుతురు దూరి బొమ్మ మాడిపోతుంది. ఇనుపదాన్ని చెవికి ఆనించుకుని, కెమెరా కన్ను తెరిచి మూసే ఒక్కొక్క వేగం దగ్గరా మీట నొక్కి విన్నాను. లోపల పళ్లచక్రాలు, స్ప్రింగులు, అంతే. కరెంటుతో పనిలేదు.

"తీస్కోప్పా, నీ మనవడు గూడా వాడతాడు," అన్నాడు సాయిబు.

ఆ ఎంపికలో నేను తప్పు చేయలేదు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉంటాను. ఒకసారి బస్సు టాపు మీద నుంచి కింద పడింది. మట్టి తుడుచుకుని అదే పూట పెళ్లి తీశాను. ఇక చూడండి, నా నోటికి పట్టపగ్గాలు లేవు. నా కెమెరా మోసం చెయ్యదని కనపడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. జనం నమ్మారు. వాళ్లు నమ్మేసరికి నేనూ నమ్మాను.

మా వైపు ఆ రోజుల్లో, ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందనేవాళ్లు. అందుకని చాలామంది ఆడవాళ్లకు మొదటి ఫోటో చచ్చాకే. భర్త ఉండగా పోయిన ఆమెకైతే ముఖానికి మందంగా పసుపు పూసి, రూపాయంత కుంకుమ పెట్టి, తలనిండా పూలు తురిమి, గోడకు ఆనించి కూర్చోబెడతారు. మట్టి చేసేలోపు నేను పోయి తీయాలి. ఆ ఇంటికి ఆమె జ్ఞాపకంగా మిగిలేది అదొక్కటే.

ఓబులేసు అనే రైతు భార్య చెన్నమ్మ కాన్పులో పోయింది. పుట్టిన ఆడపిల్ల బతికింది. నేను పోయేసరికి చెన్నమ్మను కూర్చోబెట్టారు. "గడ్డం కింద మచ్చ పడేట్టు తియ్యప్పా, బిడ్డకు గురుతుండాల," అంది ఆమె అత్త. అక్కడే, ఆ ఏడుపుల మధ్యే రీలు మార్చాను. ఫిల్ము కొసను, అది చుట్టుకునే అవతలి కడ్డీలోకి సరిగా దోపలేదు. ఫిల్మును ముందుకు జరిపే మీట తిప్పినప్పుడల్లా ఎడమవైపు గుబ్బ కూడా తిరగాలి. అది తిరిగితేనే లోపల ఫిల్ము నడుస్తున్నట్టు. రోజూ చూసే గుబ్బే. ఆ రోజు చూడలేదు. ఎందుకు చూడలేదు? కెమెరా మీద నమ్మకమా? శవం ముందు నుంచి తొందరగా బయటపడదామనా? కెమెరా మాత్రం ఎప్పటిలాగే టిక్కుమంది. ఫిల్ము నడిచినా నడవకపోయినా దాని చప్పుడు ఒకటే.

మర్నాడు కడిగితే రీలు మొత్తం గాజులా తేటగా వచ్చింది. ఒక్క బొమ్మ లేదు. అప్పటికే చెన్నమ్మను మట్టి చేసేశారు.

పోయి కాళ్ల మీద పడాల్సింది. ఓబులేసు తిట్టేవాడు, మహా అయితే కొట్టేవాడు. దానికి కాదు నేను భయపడింది. నా కెమెరా మోసం చేసిందని నాలుగూళ్లలో అనుకుంటారని. సిగ్గులేని మాటే, కానీ అదే నిజం.

మా అక్కను ఇచ్చిన ఊరు బనగానపల్లె దగ్గర. అంతకు కొన్నాళ్ల ముందు అక్కడ ఇలాగే పోయిన ఒకామెను తీశాను. ఇంచుమించు అదే వయసు. అదే పసుపు, అదే కుంకుమ, అవే పూలు. ఆ నెగటివు నా దగ్గరే ఉంది. దాన్ని అచ్చు వేసి, సన్న కుంచెతో గడ్డం కింద మచ్చ దిద్దాను. చక్కగా కుదిరింది.

ఓబులేసు వచ్చాడు. పటం వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మా చెన్నమ్మ మాదిరి లేదే అప్పా," అన్నాడు.

"పోయినాక మొగం మారుతాది ఓబులేసూ."

"ముక్కు ఇట్లుండేది కాదు."

"చచ్చినోళ్ల కండ్లు చారెడని ఊరికే అన్నారా? పోయినాక మనకు అన్నీ గొప్పగానే తోస్తాయి. మచ్చ చూడు, ఉండాదా లేదా? కెమెరా అబద్దం చెప్తాదా?"

అతను మచ్చ మీద వేలు పెట్టాడు.

"నిజమేలేప్పా. నేనే మరిసినట్టుండాను. పాపిష్టోణ్ణి, అప్పుడే మరిసినాను," అన్నాడు. పటాన్ని తువ్వాలులో చుట్టుకుని పోయాడు. ఇంట్లో ముసలామె కూడా మచ్చ చూసే ఒప్పుకుందని తర్వాత విన్నాను.

ఫోటో మార్చడం ఒక తప్పు. భార్య ముఖం సరిగ్గా గుర్తున్న మనిషిని, నీకు గుర్తులేదని ఒప్పించడం ఇంకో తప్పు. మొదటిది భయంతో చేశాను. రెండోదాన్ని ఏమనాలి? అతను తనను తాను తిట్టుకుంటుంటే నాకు హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యను ఇన్నేళ్లుగా మింగలేక, కక్కలేక ఉన్నాను. బనగానపల్లె వైపు ఆమెకు మాత్రం రెండిళ్లలో దండలు పడ్డాయి.

ఓబులేసు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పోయిన ఏడాది పోయాడు. అతని కూతురు గౌరి, ఆ కాన్పులో పుట్టిన పిల్లే, స్టూడియోకు వచ్చింది. తండ్రి ఫోటో, ఆ పటం రెండూ తెచ్చింది.

"మా నాయన పక్కన మాయమ్మను కూకోబెట్టు చిన్నాయనా. ఇద్దురూ కలిసుండేది యాడా లేదు," అంది.

నేను నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచానని అనుకుంటాను.

ఆ పిల్లే మాట్లాడింది. "మా నాయన కడాకు ఒకటే మాట చిన్నాయనా. ఈ పటం సూసి సూసి, మనసులో ఉండే మీయమ్మ మొగం పూర్తిగా పాయె బిడ్డా అని ఏడ్సినాడు."

"పై వారం రామ్మా," అన్నాను.

రెండు ఫోటోలనూ కలిపాను. అతుకు కనపడకుండా భుజాలు ఆనించాను. చాలా బాగా వచ్చిందని గౌరి నాకు దండం పెట్టింది. నేను ఆ దండం తీసుకున్నాను.

చెన్నమ్మ అత్త ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఓబులేసూ లేడు. గౌరికి నిజం చెప్పినా, మీ అమ్మ ఇలా ఉండేదని చెప్పాల్సింది, ఆమెను కెమెరా అద్దంలోంచి చూసిన నేనే. ఎన్నోసార్లు కళ్లు మూసుకుని ప్రయత్నించాను. కిటికీ వెలుతురు ఎటు నుంచి పడిందో గుర్తుంది. పసుపు గుర్తుంది. ముఖం గుర్తు లేదు. నేను ఆ రోజు ముఖం చూడలేదు, వెలుతురు చూసుకున్నాను.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పాను.