సగం ఎత్తులో జల్లెడ

పోయిన నెల మా డాబా మీద రేకులు వేయిద్దామని వెల్డింగు పనివాళ్ళను పిలిపిస్తే, వాళ్ళు వచ్చీ రాగానే గోడ పక్కనున్న ఇనుప పోల్ అడ్డమని, దాన్ని కోసేస్తే గాని రేకు కూర్చోదని తేల్చేశారు. డెబ్బై అడుగుల పోల్ అది. దానికి సరిగ్గా సగంలో, తుప్పు పట్టిన జల్లెడలాంటి డిష్ ఒకటి అప్పటికీ బందరు వైపు మొహం పెట్టి ఉంది. పనివాళ్ళలో పెద్దాయన దాన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఇంత పొడుగు పోల్ పాతి డిష్ సగంలో బిగించారేంటండీ? పైన పెట్టడం ఎవరికీ తోచలేదా?" అన్నాడు. తోచింది నాయనా, అదే మా కొంప ముంచబోయింది అని చెప్పబోయి, అతను అప్పటికే గొట్టం కొలుస్తున్నాడని ఊరుకున్నాను. అతనికి చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను. ఫోన్ తీగలోంచి వచ్చే కీచు చప్పుడు విని "నెట్ కలిసింది" అని సంబరపడ్డ నా ఈడు వాళ్ళకైతే ఇది విసుగు పుట్టించదని నమ్మకం.

నేను గుడివాడ పిల్లని. అక్కడే డిగ్రీ, దాని మీద కంప్యూటరు డిప్లొమా చేసి, పెడన పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా పెద్దన్నయ్య బందరులో ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడు. పెళ్ళయ్యాక కూడా నేను రోజూ బస్సులో వెళ్ళి అక్కడ పనిచేసేదాన్ని. మా మావగారిది కలంకారీ అద్దకం. ఇంటి వెనక పొడవాటి షెడ్డులో పన్నెండు బల్లలు ఉండేవి. ఒక్కో బల్ల దగ్గర ఒక పనివాడు చెక్క అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి, అరచేతి మొదలుతో గట్టిగా ఒక్క దెబ్బ వేసేవాడు. తెల్లవారింది మొదలు ఆ దెబ్బల చప్పుడే మా ఇంటికి గడియారం. కొత్తలో ఆ చప్పుడుకి నాకు తలనొప్పి వచ్చేది. తరవాత తరవాత అది ఆగితే తలనొప్పి రావడం మొదలైంది.

ఆ రోజుల్లో చుట్టుపక్కల చాలామంది చెక్క అచ్చులు అటకెక్కించి స్క్రీన్ ప్రింటింగుకి మారిపోతున్నారు. మావగారు మారనన్నారు. మారనన్నందుకు ఆర్డర్లు ఒకటొకటే తగ్గి, చివరికి ఢిల్లీలో దుప్పట్లు కొని విదేశాలకు పంపే ఒకావిడ మాత్రమే మిగిలింది. ఆవిడా ఓ షరతు పెట్టింది. ప్రతి డిజైను ముందుగా ఒక ముక్క మీద అద్ది, ఫొటో తీసి పంపితే, తను చూసి రంగు బాగుందన్నాకే మిగతా గుడ్డ అద్దాలి, అదీ ఏ రోజు ఫొటో ఆ రోజే అందాలి. పోస్టులో ముక్కలు పంపుకునే కాలం పోయిందని, వీలుకాకపోతే వేరేవాళ్ళను చూసుకుంటానని మర్యాదగానే చెప్పింది. ఆవిడ పోతే పన్నెండు బల్లలూ మూతపడినట్టే. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

మా ఇంటి ఫోన్ లైన్లో ఒక్క ఫొటో వెళ్ళడానికి అన్నం వండి వార్చినంత సేపు పట్టేది. సగంలో తెగితే మళ్ళీ మొదటికి. గాలి విసిరితే గరగర, చినుకు పడితే మూగ. ఫొటోలు సీడీలో ఎక్కించుకుని బందరు పరిగెత్తేదాన్ని. ఢిల్లీ ఆవిడ ఏదన్నా మార్చమంటే మళ్ళీ బస్సెక్కి వెనక్కి వచ్చి, అద్దించి, ఆరబెట్టించి, మళ్ళీ బస్సెక్కాలి. ఓ రోజు మూడుసార్లు తిరిగాక కండక్టరు నా దగ్గర టికెట్టు అడగడానికే మొహమాటపడ్డాడు.

ఆ అవస్థలోనే అన్నయ్య, తనకి కొత్తగా వచ్చిన ఫాస్టు కనెక్షన్ని గాలిలో మా ఊరికి పంపవచ్చని చెప్పాడు. అతని సెంటరున్న బిల్డింగు నాలుగంతస్తులది. దాని మీదొక డిష్, మా ఇంటి దగ్గరొక డిష్, రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటే చాలు, మధ్యలో తీగ అక్కర్లేదన్నాడు. మావగారు నమ్మలేదు. తీగ లేకుండా వచ్చేది వాన ఒక్కటేనన్నారు. వింటానికి వెటకారంలా ఉన్నా ఆయన మాటలో భయం ఉందని నాకు తెలుస్తూనే ఉంది. పనయ్యే పూచీ నాదని మాటిచ్చాను. ఇచ్చాక వారం రోజులు నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

మే నెలలో పని మొదలుపెట్టాం. కాలువలు కట్టేసిన రోజులు. మినుము పీకేసిన పొలాలు నెర్రెలిచ్చి, మా ఊరి నుంచి బందరు దాకా చెట్టూ చేమా అడ్డం లేకుండా ఎండకి మండుతున్నాయి. డెబ్బై అడుగుల పోల్ పాతి, అరవై అడుగుల దగ్గర డిష్ బిగించాం. ఎక్కినవాడు మా తోటలో కొబ్బరికాయలు దింపే అతనే. పోల్ నిలబడ్డ రోజున మావగారు దానికి పసుపు రాసి, గుమ్మడికాయ కొట్టించారు. ఊళ్ళో అంత ఎత్తు వస్తువు మరొకటి లేదు. పెడనలో బస్సు దిగగానే కనపడేది. నమ్మనన్న మనిషే వచ్చేపోయేవాళ్ళకి వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. ఆ జల్లెడ పని కూడా బ్రహ్మాండంగా చేసింది. మొదటి ఫొటో పంపి నీళ్ళు తాగి వచ్చేసరికి ఢిల్లీ నుంచి జవాబు వచ్చి ఉంది. వర్షాకాలం ఆర్డరంతా మాకే ఇస్తానని ఆవిడ రాసిన ఆ ఉత్తరాన్ని మావగారు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు.

తరవాత కాలువకి నీళ్ళు వదిలారు. మాకు అది పండగే. అద్దిన గుడ్డని పారే నీళ్ళలో జాడిస్తేనే అదనపు రంగు పోయి అసలు రంగు తేలుతుంది. వేసవంతా బావి నీళ్ళతో విసిగిపోయిన పనివాళ్ళు మోకాళ్ళలోతు దిగి గుడ్డలు ఆడిస్తూ ఒకటే కేరింతలు. ఓ వారానికి పొలాలన్నీ దమ్ము చేసి ఊడ్పులకి నీళ్ళు నింపారు. ఎటు చూసినా అద్దం పరిచినట్టుంది. సరిగ్గా అప్పుడే మా లింకు మొదట నత్తి కొట్టి, తరవాత దాదాపు పూర్తిగా పడిపోయింది.

ఇక చూడండి సలహాలు. దిష్టి తగిలిందన్నారు, పిడుగు తాకిందన్నారు, కాకి గూడు కట్టిందన్నారు. అన్నయ్య వచ్చి డిష్‌కీ కంప్యూటరుకీ మధ్యనున్న సిగ్నలు డబ్బా మార్చాడు, తీగ మార్చాడు, చివరికి ఎత్తు చాలలేదని తేల్చాడు. అందరికీ నచ్చిన మాట అదే. డిష్‌ని పోల్ చివరంటా ఎక్కించాం. అంతకుముందు డబ్బా మీద అప్పుడప్పుడైనా వెలిగే దీపం అసలే ఆరిపోయింది. అవతల ఢిల్లీ ఆవిడ ఆరు డిజైన్ల ఫొటోలు శనివారంలోగా కావాలంది. నేను మళ్ళీ సీడీలు పట్టుకుని బస్సెక్కాను. ఆ వానల్లో రోడ్డు గతుకులకి బస్సులు కూడా ఎగ్గొడుతున్నాయి. ఒకరోజు ఫొటో మర్నాడు అందితే ఆవిడ కోప్పడలేదు, ఇలాగే అయితే కష్టమని మాత్రం రాసింది. ఆ ఉత్తరం మావగారికి చదివి వినిపించలేదు. ఆయన అడగనూ లేదు.

మా కాలువకి షట్టర్లు ఎత్తి దించే లస్కరు బాబాయి రోజూ పొద్దున మా షెడ్డులో టీ తాగి వెళ్ళేవాడు. నా మొహం చూసి సంగతడిగి, అంతా విని, తాపీగా గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, నేను షట్టరెత్తాకే గదా నీ డబ్బా పడుకుంది. నా నీళ్ళకీ దానికీ ఏదో పడటం లేదు, చూసుకో" అన్నాడు. నేను నవ్వేశాను. గాలిలో పోయేదానికి నేల మీద నీళ్ళతో పనేంటి, పైగా డిప్లొమా చదివినదాన్ని. ఆ గర్వం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు ఎగువన గండి పడి లస్కరు బాబాయి షట్టర్లు దించేశాడు. మా వైపు పొలాల్లో నీళ్ళు తీసి బురద బయటపడింది. ఆ సాయంత్రం లింకు దానంతటదే లేచి కూర్చుంది. గండి పూడ్చి నీళ్ళు వదిలిన మర్నాడు మళ్ళీ పడుకుంది. వెంటనే కాలువ గట్టు దాకా నడిచి వెళ్ళి ఆయనకి క్షమాపణ చెప్పాను. చెరువుల, కాలువల, పొలాల నీళ్ళ మధ్యే పుట్టి పెరిగినవాళ్ళం, నీళ్ళు లేని నెలలో కొలతలు తీసుకుని, నీళ్ళు వస్తాయన్న సంగతే మరిచిపోయాం. ఇలాంటి తెలివి మా డెల్టావాళ్ళకే చెల్లింది.

కారణం తెలిసింది సరే, ఊడ్పుల పొలాల్లో నీళ్ళు తియ్యమని ఎవర్ని అడగగలం? ఆ మధ్యాహ్నం డాబా మీద గుడ్డలు ఆరేస్తుంటే పొలాల్లోంచి ఎండ తిరిగి వచ్చి కళ్ళల్లో కొట్టింది. పైన ఒక సూర్యుడు, నీళ్ళలో ఒకడు. ఈ నీళ్ళు ఎండని ఎగరేసినట్టే అన్నయ్య పంపేదాన్నీ ఎగరేసి నా జల్లెడ మీదకి విసురుతున్నాయేమో, నేరుగా వచ్చేదీ, నీళ్ళ మీదుగా వచ్చేదీ అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయేమో అనిపించింది. పైకెక్కిస్తే ఇంకా చెడిందంటే, దించి చూడాలి. ఈ మాట చెబితే అన్నయ్య ఫోన్లోనే నవ్వాడు. మావగారు మాత్రం నవ్వలేదు. ఊరందరికీ చూపించుకున్న ఎత్తు అది, దించితే ఎన్ని మాటలు పడాలో ఆయనకి తెలుసు. ఆ పూట అన్నం కలుపుకుని తినకుండానే లేచిపోయారు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడం ఎందుకని నేను కూడా వెనక్కి తగ్గలేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన పోల్ కింద కుర్చీ వేసుకుని కూర్చుని, పాత గుడ్డని పీలికలుగా చించి, ఒక్కో దాని మీద ఒక్కో అచ్చు కొడుతున్నారు. మామిడిపిందె, తామర, ఏనుగు, నెమలి, చిలక. కొబ్బరికాయలు దింపే అతనికి చదువు రాదు, అంకెలు రాసిస్తే లాభం లేదు. అందుకని అతను డిష్‌ని ఏడేసి అడుగుల చొప్పున దించుతూ ప్రతి ఎత్తు దగ్గరా ఒక పీలిక కట్టి పైనుంచి బొమ్మ పేరు కేకేస్తాడు. ఆ కేకని షెడ్డులో పనివాళ్ళు ఒకరి నుంచి ఒకరు అందుకుని లోపల కంప్యూటరు ముందున్న నాకు చేరవేస్తారు. నేను తెర మీద ఎన్ని సిగ్నలు గీతలు వెలిగాయో కాగితం మీద రాసుకుని, జవాబు అదే దారిలో పైకి పంపుతాను. మామిడిపిందె దగ్గర ఏమీ లేదు. తామర దగ్గరా లేదు. ఏనుగు దగ్గర ఒక గీత వచ్చిపోయింది. నెమలి దగ్గర రెండు. చిలక అన్న కేక వచ్చేసరికి గీతలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి, మళ్ళీ పడలేదు. బయటికి పరిగెత్తి రెండు చేతులూ ఊపాను. షెడ్డులో పన్నెండు బల్లల వాళ్ళూ అచ్చులు పట్టుకునే కేకలేశారు.

శనివారం నాటికి ఆరు డిజైన్లూ వెళ్ళిపోయాయి. ఆవిడ ఒక్క ఎరుపు మాత్రం కాస్త ముదరాలంది, అది గంటలో సరిచేసి పంపాం. ఆర్డరు మాకే దక్కింది. ఊళ్ళో కొన్నాళ్ళు మా జల్లెడని జెండా దించినట్టు దించారని వేళాకోళం చేశారు. తరవాతెప్పుడో అన్నయ్య స్నేహితుడైన ఇంజనీరు ఒకాయన వచ్చి, మేం చేసింది సరైనదేనని, నీళ్ళ మీద లింకు వేసేటప్పుడు ఎత్తు ఇలాగే వెతుక్కోవాలని కాగితం మీద గీసి చూపించాడు. లస్కరు బాబాయి ఆ కాగితం చూసి, ఇది తను టీ తాగుతూ చెప్పిందేనన్నాడు.

పైన మిగిలిన సగం పోల్ కోయించేద్దామని, ఇనుము పనికొస్తుందని నేను ఒకసారి అన్నాను. మావగారు వద్దన్నారు. "ఉండనీ అమ్మా. ఎంత పైకి పోయి దిగొచ్చామో రేపు నాకైనా గుర్తుండాలి గదా" అన్నారు. అందుకే అది పోయిన నెల దాకా దేనికీ పనికిరాకుండా నిటారుగా నిలబడే ఉంది.

ఇప్పుడు మావగారు లేరు. షెడ్డులో బల్లలు నాలుగు. బందరు వైపు పొలాలు చాలామటుకు చేపల చెరువులయ్యాయి, నీళ్ళు ఏడాదంతా ఉంటాయి. నెట్ సందులోకి తీగలో వస్తుంది, చేతిలో ఫోన్లో వస్తుంది. కాలువ వదిలారో కట్టేశారో దానికి అక్కర్లేదు. మంచిదే, ఆ బస్సు తిరుగుళ్ళు మళ్ళీ ఎవరికీ రాకూడదు. కాని ఆ రోజుల్లో ఢిల్లీకి ఒక ఫొటో వెళ్ళాలంటే ఊళ్ళో లస్కరు నుంచి కొబ్బరికాయలు దింపే అతని దాకా అందరి మాటా కావలసివచ్చేది. ఇప్పుడు ఎవరి మాటా ఎవరికీ అవసరం పడటం లేదు. అదే నాకు వెలితిగా ఉంటుంది.

పోల్ కోసి పడుకోబెట్టాక నేను వెళ్ళి డిష్ వెనక్కి చెయ్యి పెట్టి తడిమాను. చిలక పీలిక అక్కడే ఉంది. ఎండకీ వానకీ బయటి గుడ్డ తెల్లబడి చీకిపోయింది గాని, ముడి విప్పితే లోపల ఎరుపు నిన్న అద్దినట్టే ఉంది. వెల్డింగు పెద్దాయన అదేంటమ్మా అన్నాడు. ఇందాక మీరడిగినదానికి జవాబండీ అన్నాను.