వరస తప్పితే రాని ఇంగ్లీషు

మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మిర్యాలగూడలో పెట్టిన సభలో నిప్పుల మీద నడిచిన రోజు నాకు భయం వెయ్యలేదు. బూడిద పట్టిన బొగ్గుల మీద చకచకా నాలుగడుగులు వేస్తే కాలు కాలదని ముందే తెలుసు. నడిచాక మైకు అందుకుని, ఇందులో మహిమ లేదు, ఎవరైనా నడవొచ్చు అని చెప్పాను. గుట్టు దాచి జనాన్ని మోసం చేసేవాళ్లను ఆ రోజు గట్టిగానే కడిగేశాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే, కోదాడలో నేను తెలుగు చెప్పే ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మేడమ్ మానేసింది. ఆరో తరగతి ఇంగ్లీషు కూడా నన్నే చూడమన్నారు కరస్పాండెంట్ గారు. నేను సూర్యాపేటలో తెలుగు మీడియంలో చదివినవాణ్ని. పొద్దున బస్సెక్కగానే ఇంగ్లీషు పుస్తకం తీసేవాణ్ని. ఒకటైతే ఇంగ్లీషులో ఏమనాలో, ఎక్కువైతే ఏమనాలో, కోదాడ వచ్చేదాకా పెదాలు కదుపుతూనే ఉండేవాణ్ని. పక్క సీటు ముసలామె ఒకరోజు "ఏం జపం బిడ్డా అది?" అని అడిగింది. జపం పేరెత్తితేనే మండిపడే నేను కిటికీ వైపు తిరిగాను.

నెలకో శనివారం తల్లిదండ్రులు తరగతి వెనక బెంచీల్లో కూర్చుని పాఠం చూడొచ్చు. ఆ స్కూల్లో అది ఆనవాయితీ. వాళ్లు పెదవి విరిచిన టీచరు సోమవారం కనబడేవాడు కాదు. నాకు వేరే ఉద్యోగం లేదు. అందుకే ఇరవై ఇంగ్లీషు మాటలు ఏరి, వాటి బహువచనాలు రెండు వారాలు ఒకే వరసలో వల్లె వేయించాను. మ్యాన్‌తో మొదలు, నైఫ్‌తో ఆఖరు. ఎందుకలా మారుతుందని ఒక పాప అడిగితే "అడగొద్దు, గుర్తుపెట్టుకో" అన్నాను. ప్రశ్నించండని ఊరూరా తిరిగి చెప్పిన నోటితోనే.

ఆ శనివారం మెన్, ఫీట్, టీత్ నుంచి నైవ్స్ దాకా పిల్లలు గది అదరగొట్టారు. చప్పట్లు మోగాయి. అప్పుడు మేళ్లచెరువు సిమెంటు లారీ నడిపే ఒక తండ్రి లేచాడు.

"సార్, జర కింది నుంచి అడుగుండ్రి."

"నైఫ్" అన్నాను.

"మెన్!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

"లీఫ్."

"ఫీట్!"

వాళ్లు నా మాట వినడం లేదు. వరస అప్పజెబుతున్నారు.

"క్యాసెట్ మల్ల మొదటికొచ్చిందమ్మా" అని ఒక తల్లి నవ్వింది. బెంచీలన్నీ నవ్వాయి. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ కరస్పాండెంట్ గారు మాత్రం నవ్వలేదు. మిమ్మల్ని చూసి పిల్లలు బెదిరారు అనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

లారీ ఆయన నన్ను పరీక్షగా చూశాడు. "మిర్యాలగూడల నిప్పుల మీద నడిసిన సారు మీరే గదా? గా దినం గుట్టంత ఇప్పి సెప్పిన్రు. గీడ గూడ సెప్పుండ్రి మరి."

చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టాను. "పిల్లల తప్పు లేదు. వరస నేర్పాను, ఇంగ్లీషు నేర్పలేదు. నాకే సరిగా రాదు. భయపడి ఇలా చేశాను."

"గట్ల సెప్పుండ్రి" అని ఆయన కూర్చున్నాడు.

సాయంత్రం కరస్పాండెంట్ గారు ఆఫీసు గదిలోకి పిలిచారు. "నలుగురిలో స్కూలు పరువు తీశారు మాస్టారూ. వచ్చే నెల ఆ లారీ ఆయన చేతే అడిగిస్తా. అప్పుడూ ఇంతే అయితే మీ దారి మీరు చూసుకోండి."

సోమవారం మాటలన్నీ చీటీల మీద రాసి చాక్‌పీసు డబ్బాలో కలిపేశాను. ఎవరికి ఏది వస్తే దానికి జవాబు చెప్పాలి. ఎందుకని అడిగిన పాప డబ్బా నా ముందు పెట్టింది. "మీరు గూడ తియ్యాలె సార్."

తీశాను. చెప్పాను. "ఎందుకట్ల సార్?" అని మళ్లీ అడిగింది.

"తెలియదమ్మా. చూసొచ్చి రేపు చెప్తా."

నెల తిరిగేసరికి లారీ ఆయన వచ్చి, తానే డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఇరవైలో ఆరు తప్పులు. "తప్పయితే అయింది గని, పోరగాండ్లు బుర్రబెట్టి సోంచాయించి సెప్తున్రు" అన్నాడాయన. కరస్పాండెంట్ గారు గడియారం చూసుకున్నారు. "వచ్చే నెల కూడా చూద్దాం" అన్నారు.

ఆ వచ్చే నెల పరీక్ష ఎల్లుండి శనివారమే. డబ్బాలోకి ఇంకో పది చీటీలు చేరాయి. అందులో రెండింటికి జవాబు నాకింకా తెలియదు.