పడమటి తలుపు వెనక మిరప బస్తాలు

ఎండు మిరపకాయ ఘాటు ముక్కుకి తగిలితే తుమ్మొస్తుంది, అంతటితో పోతుంది. తడిసి, బస్తాలోనే మగ్గి, బూజు పట్టిన కాయ వాసన అలా పోదు. గొంతులోకి దిగి అక్కడే కూర్చుంటుంది. తిన్న అన్నాన్ని పైకి తోస్తుంది. మా ఊరి పాత చర్చిలో ఇప్పుడు ఉన్నది ఆ వాసనే. తెచ్చి పెట్టింది నేను.

వినుకొండ వైపు నుంచి బస్సులో వస్తుంటే మిరప చేల మధ్య ముందుగా కనపడేది ఆ చర్చే. కరువు రోజుల్లో కట్టారట. పక్క గుట్ట నుంచి రాళ్ళు మోసుకొచ్చిన వాళ్ళకి మిషను దొర కూలి కింద జొన్నలు కొలిచి ఇచ్చేవాడని మా పెద్దమ్మ చెప్పేది. పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. వాళ్ళ తాత సున్నం గానుగకి ఎద్దుల్ని తోలాడు. ఆ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి, గోడకి పూసి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దారు. అందుకే లోపలి గోడలు కోడిగుడ్డు పెంకులా మెరిసేవి. వైశాఖంలో బయట కాకి కూడా ఎగరని వేళ, పెద్దమ్మ పడమటి తలుపు పక్కన గోడకి చెంప ఆనించి నిలబడేది. "చల్లగా ఉందిరా, మా తాత చెయ్యి లాగా" అనేది.

ఆ పడమటి తలుపు పెద్దది. రాతి కమాను కింద రెండు టేకు రెక్కలు, లోపలికి తెరుచుకుంటాయి. ఆదివారాల్లో మగవాళ్ళు ఉత్తరం తలుపు నుంచి, ఆడవాళ్ళు దక్షిణం తలుపు నుంచి వెళ్ళేవారు. పడమటి తలుపు తీసేది పెళ్ళికూతురు వచ్చినప్పుడు, లేదా శవపేటిక వచ్చినప్పుడు. పెద్దమ్మ పెళ్ళికూతురిగా ఆ తలుపులోంచే వెళ్ళింది. రెండోసారి కూడా దాంట్లోంచే వెళ్ళాలని ఆవిడ కోరిక.

మేము పక్కనే కొత్త చర్చి కట్టుకున్నాం. నున్నటి టైల్సు, ప్లాస్టిక్ పూలు, రంగులు మారే దీపాల శిలువ, చెవులు బద్దలయ్యే స్పీకర్లు. పాతది కురుస్తోందని, అందులో చెమట వాసనొస్తోందని కమిటీలో గట్టిగా వాదించినవాళ్ళలో నేనొకణ్ణి. పాతదాని కప్పు మీద పెంకులు సర్దించే పని నాకే అప్పజెప్పారు, నేను సర్దించలేదు. తాళంచెవి మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను.

మిర్చి ధర పడిపోయిన ఏడాది గుంటూరు యార్డు బయట లారీలు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు. కల్లంలో నా కాయ, పైన మబ్బు. నాకు పాత చర్చి గుర్తొచ్చింది. దళసరి గోడలు, పైన గాలి కిటికీలు, రాతి నేల. అంతకన్నా మంచి గోడౌన్ ఎక్కడ దొరుకుతుంది?

పాస్టరు గారు కుర్రాయన. కాస్త నసిగాడు. "అందులో ఇంకా బలిపీఠం ఉంది కదండీ" అన్నాడు.

"చర్చి ఉన్నది కష్టంలో ఉన్నవాడి కోసమే కదండీ" అన్నాను నేను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నోరు కడుక్కోవాలనిపిస్తుంది. నేనేమంత కష్టంలో లేను. తెగనమ్ముకుని బతికిన వాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. నాకు ధర పెరిగేదాకా ఆగే ఓపిక ఉంది, ఆశ ఉంది. బల్లలు బయట వేపచెట్టు కింద పడేయించాను. వాటికి చెదలు పట్టింది. రోడ్డు వైపున్న ఉత్తరం తలుపు నుంచి బస్తాలు దింపించి, పడమటి తలుపుకి ఆనించి దీపాల కొక్కేల దాకా పేర్పించాను.

పెద్దమ్మ కర్ర పోటు వేసుకుంటూ వచ్చి చూసింది. ప్రతి శనివారం వచ్చి ఊడ్చేది ఆవిడే.

"ఏరా అబ్బాయ్, దేవుడికి పచ్చడి పెడుతున్నావా?"

"ఒక్క నెల పెద్దమ్మా. ధర రాగానే తీసేస్తా."

"సరే అయితే. నేనూ నెలాగుతాలే."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నెల గడిచింది, ధర రాలేదు. ఇంకాస్త చూద్దామనుకున్నాను. ఆవిడ మంచం పట్టాక చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా "మీ అత్తగారు వెళ్ళిందా?" అని అడిగేది. మిర్చికి ఆవిడ పెట్టిన పేరది. "రేపో మాపో" అనేవాణ్ణి. ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించాను.

వానలు మొదలయ్యాయి. నేను సర్దించని పెంకుల్లోంచి నీళ్ళు తిన్నగా బస్తాల మీదకి దిగాయి. ఉత్తరం తలుపు తీసి ముందు వరస చూశాను, పొడిగానే ఉంది. వెనక ఏం జరుగుతోందో చూడాలంటే బస్తాలు కదిలించాలి. చూడలేదు. తలుపు వేసి తాళం పెట్టి వచ్చాను.

పెద్దమ్మ ఆ వానల్లోనే పోయింది.

వాళ్ళబ్బాయి నాకు అన్న అవుతాడు. నన్నేమీ అడగలేదు. పెట్టె మోయించుకుని నేరుగా పాత చర్చి పడమటి మెట్ల దగ్గరికి తెచ్చాడు. ఊరంతా వెనక ఉంది. నేను తాళం తీశాను. తలుపు కదల్లేదు. నలుగురు భుజాలు ఆనించి తోస్తే జానెడు తెరుచుకుంది.

ఆ జానెడులోంచి వచ్చింది గాలి కాదు. నల్లటి బూజు పొడి, కుళ్ళు ఘాటు, దాంతోపాటు రెండు ఎలకలు. పై వరసలో బస్తా ఒకటి పిగిలి, చీమూ రక్తంలాంటి ఎర్రటి ముద్ద గడప మీదకి జారింది. పెట్టె మోస్తున్నవాళ్ళు దగ్గుతో వంగిపోయారు. పెట్టె ఒరిగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఎలాగో మెట్ల మీద దించారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టి, దగ్గి, మళ్ళీ మొదలుపెట్టి ఆపేశాడు. అందరి కళ్ళూ కారుతున్నాయి. నా కళ్ళూ కారుతున్నాయి. అది ఏడుపని ఎవరైనా అనుకుంటే బాగుండునని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. అంత నీచపు ఆలోచన నాకు ఇంకెప్పుడూ రాలేదు.

"ఉత్తరం తలుపు నుంచి తీసుకెళ్దాం అన్నా" అన్నాను.

అన్న నా వైపు చూశాడు. "మూసెయ్యరా. మా అమ్మకి ఇంకా వాసన తగలనీకు."

కొత్త చర్చిలో ప్లాస్టిక్ పూల కింద ఆరాధన జరిగింది. స్పీకరు మధ్యమధ్యలో గీపెట్టింది. అక్కణ్ణుంచే సమాధుల తోటకి తీసుకెళ్ళారు.

తర్వాత బస్తాలన్నీ బయటికి లాగించి, చేలో గొయ్యి తీసి పూడ్పించాను. కూలివాళ్ళు ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని, నేను వింటున్నానని తెలిసే తిట్టుకున్నారు. లోపల, బస్తాలు ఆనిన ఎత్తు వరకు గోడలు ఎర్రగా మరకలు పట్టాయి. పైన వెల్ల వేయించాను. వారం తిరక్కుండానే ఎరుపు మళ్ళీ పైకి ఊరింది. అంత నున్నగా రుద్దిన గోడ ఏదీ పీల్చుకోదనుకున్నాను. నెలల తరబడి తడి దిగితే ఆ సున్నం కూడా పగుళ్ళిచ్చింది, నా కాయ రంగంతా లోపలికి తాగింది.

ఇప్పుడు శనివారం నేను వెళ్తున్నాను. పెంకులు సర్దించాను. గోడని కొబ్బరిపీచుతో రుద్దుతాను. రెండు తలుపు రెక్కలూ బార్లా తీసి పెడతాను. అన్న ఆ దారినే చేనుకి వెళ్తాడు, లోపలికి రాడు.

మొన్న మధ్యాహ్నం ఎండ తాళలేక, పెద్దమ్మ నిలబడే చోట గోడకి చెంప ఆనించాను. చల్లగానే ఉంది. కాసేపటికి మంట మొదలైంది. సాయంత్రం ఇంట్లో మా ఆవిడ చూసి, "అదేంటండీ, చెంప అలా కందిపోయింది? మజ్జిగ రాసుకోండి" అంది.

గిన్నెలో మజ్జిగ తెచ్చి అరుగు మీద పెట్టింది. తెల్లారేదాకా అది అక్కడే ఉంది.